లైవ్ సెల్స్ కోసం సూపర్ రెజొల్యూషన్ మైక్రోస్కోప్: సిమ్మా, స్టెడ్డా, స్టార్మా, ఏది మేలు?

యూనివర్సిటీకి గ్రాంట్ వచ్చిందని తెలియగానే మైక్రోస్కోప్ అమ్మే ప్రతి కంపెనీ నుంచీ ఒక బ్రోచర్ వస్తుంది, ప్రతి బ్రోచర్ మీదా అన్నిటికన్నా పెద్ద అక్షరాల్లో ఒక నంబర్ ఉంటుంది. 120 నానోమీటర్లు, 50 నానోమీటర్లు, 20 నానోమీటర్లు, అంటే ఎంత దగ్గరగా ఉన్న రెండు చుక్కల్ని విడదీసి చూపిస్తుందో (రెజొల్యూషన్) ఆ లెక్క. నంబర్ ఎంత చిన్నదైతే మెషిన్ అంత గొప్పదని కొనే కమిటీలో సగం మంది అక్కడే ఫిక్స్ అయిపోతారు. చచ్చిపోయిన, అంటే ఫార్మాల్డిహైడ్‌లో ఫిక్స్ చేసిన సెల్స్‌కి ఆ లెక్క కొంతవరకు కరెక్టే. బతికున్న సెల్‌కి కాదు. ఇమేజింగ్ ఫెసిలిటీలో కొన్నేళ్ళు డ్యూటీ చేసినోడిని కాబట్టి నాకు అనిపించింది చెప్తా, కొంచెం పొడుగైనా చదవండి.

అసలు గొడవ ఎక్కడుందంటే, మామూలు మైక్రోస్కోప్‌కి ఒక హద్దు ఉంది, 1873లో ఎర్నెస్ట్ అబ్బే చెప్పింది. వేవ్‌లెంగ్త్‌ని లెన్స్ ఎన్ఏకి (న్యూమరికల్ అపెర్చర్, లెన్స్ ఎంత వెడల్పు కోణంలో వెలుగు పట్టగలదో చెప్పే నంబర్) రెండింతలతో భాగిస్తే వచ్చేదే ఆ హద్దు. గ్రీన్ లైట్ 520, మంచి ఆయిల్ లెన్స్ ఎన్ఏ 1.4 అనుకోండి, దాదాపు 186 నానోమీటర్లు వస్తుంది. దానికన్నా దగ్గరగా ఉన్న రెండు చుక్కలు ఒకటే చుక్కలాగా కనపడతాయి. మైటోకాండ్రియా వెడల్పు అర మైక్రాన్ పైనే కాబట్టి అది కనపడుతుంది, కానీ దాని లోపలి మడతలు కనపడవు. ఈ హద్దు దాటినందుకే 2014లో కెమిస్ట్రీ నోబెల్ బెట్జిగ్, హెల్, మోర్నర్ ముగ్గురికీ ఇచ్చారు. ఇలా దాటడాన్నే సూపర్ రెజొల్యూషన్ అంటారు. దాటే దారులు మాత్రం ఒక్కోటి ఒక్కో రకం, ఒక్కో దారికి సెల్ కట్టే టోల్ కూడా వేరే.

ముందు స్టార్మ్, పామ్ సంగతి తేల్చేద్దాం, ఎందుకంటే 20 నానోమీటర్ల నంబర్ వీటిదే. ఒక్కో మాలిక్యూల్‌ని విడివిడిగా మిణుకుమిణుకుమనిపించి, ప్రతిదాని సెంటర్ పాయింట్ లెక్కగట్టి, చివర్లో అన్ని చుక్కలూ కలిపి బొమ్మ గీస్తారు. ఐడియా అదిరిపోయింది. కానీ ఒక్క బొమ్మకి 20,000 ఫ్రేములు తీశారనుకోండి, ఫ్రేముకి 20 మిల్లీసెకన్లు, మొత్తం 400 సెకన్లు, అంటే ఆరున్నర నిమిషాలు పైనే. ఈలోపు సెల్‌లో వెసికిల్ (సరుకు మోసే బుల్లి సంచి) ఇక్కడి నుంచి అక్కడికి పోయి మళ్ళీ వచ్చేస్తుంది. పైగా స్టార్మ్‌లో డై మిణకడానికి ఆక్సిజన్ లాగేసే ఎంజైములు, థయాల్ కలిపిన బఫర్ పోస్తారు, అందులో బతికున్న సెల్‌ని పెట్టి "ఎలా ఉన్నావమ్మా" అంటే ఏం చెప్తుంది పాపం. లైవ్‌లో పనికిరాదని కాదు, పామ్‌లో వాడే వెలిగే ప్రోటీన్లతో ఒక్కో మాలిక్యూల్ ఎటు తిరుగుతుందో ట్రాక్ చేయొచ్చు, అది బాగా నడుస్తుంది. కానీ అది వేరే ప్రశ్న, మీ డిపార్ట్‌మెంట్‌లో ఎంతమంది అడుగుతారు ఆ ప్రశ్న? మహా అయితే ఒకరిద్దరు.

స్టెడ్‌కి వద్దాం. ఇక్కడే చాలామంది పడిపోతారు, నేనూ పడ్డా. కన్‌ఫోకల్ (లేజర్ చుక్కతో స్కాన్ చేస్తూ, పిన్‌హోల్ అనే సన్న చిల్లుతో ఫోకస్‌లో లేని వెలుగుని ఆపేసే మైక్రోస్కోప్) చుక్క చుట్టూ గారె ఆకారంలో రెండో లేజర్ కొట్టి, అంచుల్లో వెలుగుని ఆర్పేసి, మధ్య చిల్లులో ఉన్న చిన్న చుక్కనే మిగులుస్తారు. 50, 60 నానోమీటర్లు మామూలుగా వస్తాయి, వెనకాల రీకన్‌స్ట్రక్షన్ గోల లేదు, స్క్రీన్ మీద వచ్చిందే బొమ్మ. సాఫ్ట్‌వేర్ మీద నమ్మకం లేని పాతకాలం ప్రొఫెసర్లకి ఇదే నచ్చుతుంది, నిజానికి వాళ్ళ అనుమానం తప్పు కూడా కాదు. కానీ ఆ ఆర్పే లేజర్ పవర్ మామూలు కన్‌ఫోకల్ లేజర్ కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. దాన్ని పాయింట్ పాయింట్‌గా తిప్పాలి, పిక్సెల్ 20 నానోమీటర్లు పెట్టుకోవాలి. 10 మైక్రాన్ల చదరం అంటే రెండున్నర లక్షల పిక్సెల్స్, పిక్సెల్‌కి 10 మైక్రోసెకన్లు అయితే రెండున్నర సెకన్లలో అయిపోతుంది, బాగుంది. సెల్ మొత్తం కావాలని 80 మైక్రాన్ల చదరం పెట్టారనుకోండి, కోటీ అరవై లక్షల పిక్సెల్స్, 160 సెకన్లు! అదీ ఒక్క ఫ్రేముకి. అందుకే స్టెడ్‌లో లైవ్ అంటే నిజంగా ఒక చిన్న కిటికీలోంచి కొన్ని ఫ్రేములు చూడటమే. 775 నానోమీటర్ల డిప్లీషన్ లేజర్ (అదే, ఆర్పే లేజర్), సిలికాన్ రోడమైన్ లాంటి దూరపు ఎరుపు డైలు వాడితే సెల్ కాస్త తట్టుకుంటుంది, పాత 592 నానోమీటర్ల లేజర్ కన్నా చాలా నయం. కానీ మీ పిల్లలు ఐదేళ్ళు కష్టపడి చేసుకున్న జీఎఫ్‌పీ (పచ్చగా వెలిగే ప్రోటీన్) స్టేబుల్ లైన్లు, అంటే ఆ ప్రోటీన్ జీన్ శాశ్వతంగా ఎక్కించిన సెల్స్, ఈ 775కి పనికిరావు, డైని పట్టుకునే హాలో ట్యాగో స్నాప్ ట్యాగో పెట్టి మళ్ళీ మొదట్నుంచి క్లోనింగ్. ఆ నెలలు ఏ కొటేషన్‌లోనూ కనపడవు.

సిమ్ అంటే ఫోన్ సిమ్ కాదు, గీతల లైట్ వేసి తీసే పద్ధతి, 2000లో మాట్స్ గుస్టాఫ్‌సన్ చేసి చూపించింది. పట్టుచీర మీద ఇంకో పల్చటి చీర కప్పితే పెద్ద పెద్ద అలలు కనిపిస్తాయి చూడండి, ఆ మొయిరే అలల్లో దాక్కున్న సన్నటి డీటెయిల్‌ని లెక్కతో బయటికి లాగుతారు. మూడు కోణాలు, కోణానికి మూడు జరుపుళ్ళు, తొమ్మిది ఫొటోలకి ఒక బొమ్మ. త్రీడీ అయితే ప్రతి ప్లేన్‌కి పదిహేను. రెజొల్యూషన్ రెండింతలే, 100 నుంచి 120 దగ్గర ఆగిపోతుంది, బ్రోచర్ల పోటీలో ఇది వెనకబెంచీ. కానీ కెమెరాతో ఫీల్డ్ మొత్తం ఒకేసారి తీస్తారు, ఫొటోకి 10 మిల్లీసెకన్లు అయితే తొమ్మిదికి 90, అంటే సెకనుకి పది బొమ్మలు. జీఎఫ్‌పీ, ఎర్రగా వెలిగే ఎమ్‌చెర్రీ, మీ దగ్గర ఉన్నదేదైనా సరే. వెలుగు తక్కువ చాలు కాబట్టి సెల్ వందల ఫ్రేములు ఓర్చుకుంటుంది.

దీని రోగం ఏంటంటే, సిగ్నల్ వీక్‌గా ఉన్నా, ఆయిల్ రిఫ్రాక్టివ్ ఇండెక్స్ తేడా కొట్టినా, తొమ్మిది ఫొటోల మధ్యలో వస్తువు కదిలినా, సాఫ్ట్‌వేర్ చక్కగా తేనెపట్టు డిజైన్లు అల్లి ఇస్తుంది. అందంగా ఉంటాయి కూడా! ఒక స్టూడెంట్ ఆ తేనెపట్టునే కొత్త యాక్టిన్ (సెల్‌కి ఆకారమిచ్చే ప్రోటీన్ దారాలు) నెట్‌వర్క్ అని ల్యాబ్ మీటింగ్‌లో చూపించాడు, రా ఫైల్ తెరిచేదాకా మాకెవరికీ డౌట్ రాలేదు. ఇంకోటి, మందం పెరిగితే గీతల కాంట్రాస్ట్ పోతుంది, పది పదిహేను మైక్రాన్లు దాటితే కష్టమే. డిష్‌లో పల్చగా పరుచుకున్న సెల్స్‌కి బంగారం, జీబ్రాఫిష్ పిల్లకి, ఆర్గనాయిడ్‌కి (ల్యాబ్‌లో పెంచిన బుల్లి అవయవం లాంటి సెల్స్ ముద్ద) కాదు.

మందం ఉన్న వాటికి నాలుగో దారి ఉంది, కమిటీలో ఎవరూ దీన్ని సూపర్ రెజొల్యూషన్ అని గౌరవంగా పిలవరు. జైస్ ఎయిరీస్కాన్, యోకొగావా స్పిన్నింగ్ డిస్క్ మీద వచ్చే సోరా లాంటివి. పిన్‌హోల్‌లో పారేసే వెలుగుని పారేయకుండా సరైన చోట కూర్చోబెడతాయి, ఎయిరీస్కాన్‌లో అయితే 32 చిన్న డిటెక్టర్లు ఆ పని చేస్తాయి. బొమ్మ మసకని లెక్కతో తగ్గించే డీకాన్వల్యూషన్ కూడా కలిపితే 120, 140 దాకా వస్తుంది. సిమ్ కన్నా కాస్త తక్కువే గానీ తేనెపట్టు భయం తక్కువ, కన్‌ఫోకల్ వచ్చినోళ్ళు ఒక పూటలో నేర్చుకుంటారు, సూపర్ రెజొల్యూషన్ అక్కర్లేని రోజు మామూలు కన్‌ఫోకల్‌లా పని చేస్తూనే ఉంటుంది.

ఇప్పుడు నా అసలు పాయింట్. ఫిక్స్ చేసిన స్లైడ్‌ని డబ్బాలో పెట్టుకుని రాత్రి రైలెక్కి ఇంకో ఊర్లో ఇన్‌స్టిట్యూట్‌కి తీసుకెళ్ళొచ్చు, ఐ-స్టెమ్ (దేశంలోని సైన్స్ పరికరాలని బుక్ చేసుకునే) పోర్టల్‌లో స్లాట్ బుక్ చేసుకుని స్టార్మ్ చేసుకుని రావచ్చు. బతికున్న సెల్‌ని, అందులోనూ మందు వేసి 40 నిమిషాల్లో చూడాల్సిన సెల్‌ని, బస్సులో తీసుకెళ్ళలేరు. కాబట్టి సొంత డబ్బుతో కొనాల్సింది లైవ్‌కి పనికొచ్చేదే, 20 నానోమీటర్ల ముచ్చట అరువుకి దొరుకుతుంది. ఈ ఒక్క లెక్క ముందే వేసుకుంటే సగం వాదనలు తగ్గిపోతాయి.

నా ఓటు ఇలా. కల్చర్ సెల్స్ మీద పని చేసే ల్యాబులు ఎక్కువైతే సిమ్. టిష్యూ, చేప పిల్లలు, ఆర్గనాయిడ్లు కలగలుపుగా ఉంటే సోరా గానీ ఎయిరీస్కాన్ గానీ, మొహమాటపడకుండా. స్టెడ్ ఎప్పుడంటే, సైనాప్స్ మీదో మైటోకాండ్రియా మడతల మీదో పని చేసే గట్టి గ్రూప్ క్యాంపస్‌లో ఉండి, వాళ్ళు రోజూ వాడతామని రాసిస్తేనే. నాకు తెలిసిన ఒక చోట కోట్లు పోసి స్టెడ్ తెచ్చారు, లేజర్ల అలైన్‌మెంట్ సరిచేయడం తెలిసిన ఒకే ఒక్క పీహెచ్‌డీ అమ్మాయి పోస్ట్‌డాక్‌కి వెళ్ళిపోయింది, ఇప్పుడది మామూలు కన్‌ఫోకల్‌గా డీఏపీఐ (న్యూక్లియస్‌కి వేసే మామూలు డై) ఫొటోలు తీస్తోంది.

ఏనుగుని కొని అంకుశం దగ్గర బేరమాడినట్టు మనోళ్ళు ఎప్పుడూ చిన్నవాటి దగ్గరే కోతేస్తారు. స్టేజ్ మీద పెట్టే ఇంక్యుబేటర్, కార్బన్ డయాక్సైడ్ కంట్రోలర్, ఫోకస్ జారకుండా పట్టుకునే సిస్టమ్ ఆప్షనల్ అని ఎల్-1 (టెండర్‌లో అందరికన్నా తక్కువ రేటు) కోసం తీసేస్తారు, తీసేశాక అది లైవ్ సెల్ మెషిన్ ఎలా అవుతుంది? గదిలో ఏసీ ఆన్ ఆఫ్ అయినప్పుడల్లా ఫోకస్ జారిపోతుంది, మన ఎండాకాలంలో ఇంకా చెప్పక్కర్లేదు. వారంటీ అయిపోయాక ఐదేళ్ళ సీఎంసీ (విడిభాగాలతో సహా మెయింటెనెన్స్ కాంట్రాక్ట్) రేటు కూడా అదే టెండర్‌లో కట్టించుకోండి, తర్వాత అడిగితే వాళ్ళు చెప్పిందే రేటు. పర్మనెంట్ ఆపరేటర్ పోస్టు ఒకటి కూడా కావాలి. స్టోరేజ్ సంగతి ఎవరికీ గుర్తుండదు, 2048 బై 2048 కెమెరా ఒక్క ఫ్రేము 8.4 ఎంబీ, సెకనుకి వంద ఫ్రేములు తీస్తే నిమిషానికి 50 జీబీ, ఇక పెన్‌డ్రైవ్ పట్టుకొచ్చే పిల్లల్ని ఏం చేస్తారో మీ ఇష్టం.

చివరగా డెమో. కంపెనీ వాళ్ళు తెచ్చే ఫిక్స్ చేసిన రంగురంగుల స్లైడ్ చూసి ఆహా అనకండి, దాంట్లో ప్రతి మెషినూ హీరోనే. మీ సెల్స్, మీ డిష్, మీ వీక్ సిగ్నల్ ఇవ్వండి, అరగంట టైమ్‌లాప్స్ తీయమనండి. లైట్ ఎక్కువై సెల్‌కి బాధ మొదలైతే దారాల్లా ఉన్న మైటోకాండ్రియా ముక్కలై గుండ్రటి పూసల్లా అయిపోతుంది, అది మీ కళ్ళతోనే తెలిసిపోతుంది. పూసలు రాకపోయినా అక్కడితో వదలొద్దు, డిష్ అడుగున ఆ చోటు గుర్తు పెట్టి మళ్ళీ ఇంక్యుబేటర్‌లో పెట్టేయండి, లైట్ పడని పక్క సెల్స్‌తో పాటు. మర్నాడు పొద్దున్న రెండు చోట్లా ఎన్ని సెల్స్ డివైడ్ అయ్యాయో లెక్కపెట్టి, ఆ కాగితం పట్టుకుని కమిటీ మీటింగ్‌కి వెళ్ళండి.