మే నెల జీతం ఎక్కడ వస్తుంది? ప్రైవేటు బడా, సర్కారు బడా

ఈ జూన్ ఒకటో తారీఖున నా ఖాతాలో మే నెల జీతం పడింది. టీచరుగా పదకొండో ఏడు నడుస్తోంది కానీ, మే నెలకు పూర్తి జీతం చూడటం ఇదే మొదటిసారి. డీఎడ్ అయ్యాక పదేళ్లు ఒక ప్రైవేటు స్కూల్లో చేశాను. సర్కారు టీచర్ల నియామక పరీక్ష అయిన డీఎస్సీ, అందులో 2025 మెగా డీఎస్సీలో ఎస్‌జీటీగా (ప్రాథమిక బడి టీచరుగా) ఎంపికై అక్టోబర్‌లో సర్కారు బడిలో చేరాను. అప్పటి నుంచి నాతో కలిసి పనిచేసిన అమ్మాయిలు, అవనిగడ్డ కోచింగ్‌లో పరిచయమైన తమ్ముళ్లు, మా పిన్ని కూతురు, అందరిదీ ఒకటే ప్రశ్న. "అక్కా, ఉన్న ఉద్యోగమే చూసుకోమంటావా, మళ్లీ డీఎస్సీకి కూర్చోమంటావా?" కార్పొరేట్ వాళ్లు నలభై వేలు ఇస్తామంటున్నారని కొందరు. ఫోన్లో ఒక్కొక్కరికి సగం సగం చెప్పే కంటే ఒకచోట రాయడం మేలనిపించింది.

ముందు అంకెలు. ఆంధ్రప్రదేశ్‌లో 2022 పీఆర్సీ (వేతన సవరణ) ప్రకారం ఎస్‌జీటీ స్కేలు 32,670 దగ్గర, స్కూల్ అసిస్టెంటు (పై తరగతుల టీచరు) స్కేలు 44,570 దగ్గర మొదలవుతాయి. తెలంగాణలో అవి 31,040, 42,300. ఆంధ్రలో కొత్తగా చేరిన ఎస్‌జీటీకి డీఏ (కరువు భత్యం), హెచ్ఆర్ఏ (ఇంటద్దె భత్యం) కలిపితే 45 వేలు దాటుతుంది. సీపీఎస్‌కు (మన వాటా కట్టే పెన్షన్ పథకానికి) పది శాతం, ఇతర కోతలు పోగా చేతికి 40 వేలు అటూ ఇటూ వస్తుంది.

ప్రైవేటులో నేను 2015లో 6,500కి చేరాను. 2025లో మానేసేనాటికి 17,000. మా పట్టణంలో అది మంచి జీతమే అనేవారు. ఉదయం ఎనిమిదింపావుకి బడిలో ఉండాలి, సాయంత్రం ఐదుంపావుకి బయటపడాలి. ఎనిమిది పీరియడ్లలో ఏడు నావే. ఎవరైనా సెలవు పెడితే ఆ ఎనిమిదోది కూడా. నాలుగు సెక్షన్ల లెక్కలు, సెక్షనుకు 35 మంది, ఒక్కొక్కరికి క్లాస్‌వర్క్ పుస్తకం ఒకటి, హోంవర్క్ పుస్తకం ఒకటి. అంటే 280 పుస్తకాలు, దిద్దేది ఇంటి దగ్గర. ఆ ఇంటి పని లెక్కలో వేయకుండా బడిలో గంటలతో భాగిస్తేనే గంటకు 75 రూపాయలు వచ్చేది.

అయితే నన్ను ఎక్కువగా బాధపెట్టింది ఆ 75 కాదు, మే నెల.

చిన్న, మధ్యతరహా ప్రైవేటు స్కూళ్లు చాలావాటిలో సమ్మర్ జీతం ఉండదు. మాకూ లేదు. మేలో సున్నా, జూన్‌లో బడి తెరిచిన రోజు నుంచే లెక్క. ఏడాదికి పదిన్నర నెలల జీతం. 17 వేల ఉద్యోగం అని చెప్పుకునేదాన్ని పన్నెండు నెలలకు పంచుకుంటే 15 వేలకు లోపే. పిల్లల దగ్గర ఫీజు మాత్రం ఏడాదికింత అనే తీసుకుంటారు. పోనీ మేలో పనైనా లేదా అంటే ఉండేది. కరపత్రాలు పట్టుకుని ఎండలో ఇల్లిల్లూ తిరిగి అడ్మిషన్లు తేవాలి. ఐదుగురిని చేర్పిస్తే సగం జీతం, లేదంటే అదీ లేదు. ఇంటద్దె, పాలవాడు, అమ్మ మందులు మేలో ఆగవు కదా. నాలుగేళ్లు మే నెల కోసం చేతి గాజులు తాకట్టు పెట్టి ఆగస్టు, సెప్టెంబర్లలో విడిపించుకున్నాను.

ఆ ఒక్క నెల పోతే ఎంత పోతుందో నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. ప్రతి జూన్‌లోనూ మేం కొత్తగా చేరినట్టు కాగితం రాసేవాళ్లు. అప్పట్లో అదొక లాంఛనం అనుకున్నాను. మానేసేటప్పుడు గ్రాట్యుటీ (సర్వీసుకు తగ్గట్టు చివర్లో ఇచ్చే సొమ్ము) అడిగితే ఆ కాగితమే తీసి చూపించారు: "మీకు ఇక్కడ సర్వీసు మూడు నెలలే మేడమ్."

గ్రాట్యుటీ విషయంలో చట్టం టీచర్ల వైపే ఉంది. 2009లో గ్రాట్యుటీ చట్టాన్ని సవరించి 1997 ఏప్రిల్ 3 నుంచి టీచర్లకు వర్తించేలా చేశారు. ప్రైవేటు స్కూళ్ల యాజమాన్యాలు కోర్టుకు వెళ్తే, 2022 ఆగస్టులో సుప్రీంకోర్టు ఆ సవరణ చెల్లుతుందని తేల్చింది. ఐదేళ్ల సర్వీసు ఉంటే గ్రాట్యుటీ ఇవ్వాలి. ఏడాదిలో 240 రోజులు పనిచేస్తే మధ్యలో విరామం ఉన్నా ఆ ఏడాది సర్వీసు కిందే లెక్క. కానీ ఆ 240 రోజులకు రుజువేది? హాజరు పుస్తకం వాళ్ల దగ్గరే. జీతం చాలా ఏళ్లు కవర్లో పెట్టి చేతికిచ్చారు. నా దగ్గర ఒక్క కాగితం లేదు. అందుకే ఇప్పుడు ప్రైవేటులో ఉన్న ప్రతి చెల్లికీ చెబుతున్నాను: జీతం పదో పరకో తగ్గినా ఫర్వాలేదు, బ్యాంకులో వేయమని అడగండి. పీఎఫ్ నంబరు అడగండి. మే నెల జీతం ఉందా లేదా అన్నది చేరేముందే స్కూలు నడిపే కరస్పాండెంటు నోటితో చెప్పించుకోండి.

2025 నవంబర్ దాకా ఉన్న కనీస వేతనాల చట్టం ఆదుకోలేదా అని పిన్ని కూతురు అడిగింది. ఆదుకోలేదు. టీచర్లు ఆ చట్టం కిందకు రారని 1996లోనే సుప్రీంకోర్టు చెప్పింది. టీచరు చేసేది ఉదాత్తమైన పని, ఆమె కార్మికురాలు కాదు అన్న గౌరవం మాకు అన్నం పెట్టకుండా పోయింది.

స్కూలు దగ్గర డబ్బు లేదు కాబట్టే తక్కువ ఇస్తున్నారన్న మాట నేనూ చాలాకాలం నమ్మాను. ఒకరోజు కూర్చుని లెక్క వేశాను. ఉమ్మడి రాష్ట్రంలో 1994 జనవరి 1న జీవో నంబర్ 1 వచ్చింది. ప్రైవేటు స్కూలు వసూలు చేసిన ఫీజులో 50 శాతం సిబ్బంది జీతాలకు, 15 శాతం వాళ్ల పీఎఫ్, గ్రాట్యుటీ, బీమాకు, 15 శాతం నిర్వహణకు, 15 శాతం అభివృద్ధికి, 5 శాతం యాజమాన్యానికి అని అందులో పంపకం చేశారు. నా సెక్షన్ 35 మంది గానీ, గుండుగుత్తగా 40 మంది, తలా 30 వేల ఫీజు అనుకుందాం. పన్నెండు లక్షలు. సగం ఆరు లక్షలు. ఆయా, ఆఫీసు మనిషి వాటా కూడా కలిపి సెక్షనుకు రెండు జీతాలు వేసుకున్నా మనిషికి మూడు లక్షలు, అంటే నెలకు 25 వేలు, పన్నెండు నెలలూ. పీఎఫ్, గ్రాట్యుటీకి లక్షా ఎనభై వేలు వేరే. ఆ జీవోలో రాసినంత ఇచ్చినా నా గాజులు నా చేతికే ఉండేవి. నెలకు రెండు, మూడు వందల ఫీజుతో నడిచే పల్లె స్కూళ్లకు ఈ లెక్క సరిపోదు, వాళ్ల కష్టం వేరు. 30 వేలు తీసుకునే స్కూలుకు మాత్రం ఆ సాకు కుదరదు.

కరోనా సంగతి ఎక్కువ రాయలేను. 2020 మార్చిలో బడులు మూశాక మాకు ఒక నెల సగం జీతం ఇచ్చారు, ఆ తర్వాత ఏమీ లేదు. 2021లో తెలంగాణ ప్రభుత్వం ప్రైవేటు టీచర్లకు నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ఇచ్చింది. అది చాలదని అప్పుడు చాలామంది అన్నారు. ఆ మాత్రం కూడా అందని, ఆంధ్రలో ఉన్న మాకు మాత్రం, ఎవరో ఒకరు తలుచుకున్నారుగా అనిపించింది.

ఇక సర్కారు బడి. "నలభై వేలు తీసుకుని ఏం చేస్తారు మీరు, సెలవులే కదా" అన్న మాట నేనూ ప్రైవేటులో ఉండగా అన్నాను. ఇప్పుడు నా బడిలో 23 మంది పిల్లలు, ఐదు తరగతులు, టీచరుని నేను ఒక్కదాన్నే. 60 మంది లోపు ఉన్న ప్రాథమిక బడికి ఇద్దరు ఉండాలని విద్యాహక్కు చట్టంలో ఉంది. ఒకటో తరగతికి అ ఆలు దిద్దిస్తూ, ఐదో తరగతికి భిన్నాలు చెబుతూ, మధ్యలో భోజనానికి గుడ్లు లెక్కపెట్టి, హాజరు యాప్‌లో వేసి, మరుగుదొడ్డి ఫొటో అప్‌లోడ్ చేయాలి. సిగ్నల్ లేకపోతే గోడ దగ్గరికెళ్లి ఫోను పైకెత్తి నిలబడాలి. జనగణన, ఎన్నికలు, విపత్తు సాయం తప్ప వేరే పనులు టీచర్లకు చెప్పకూడదని అదే చట్టంలోని 27వ సెక్షన్ అంటుంది. అయినా 2024 నవంబర్‌లో తెలంగాణలో ఇంటింటి సర్వేకి ఎస్‌జీటీలనే పంపారు, ప్రాథమిక బడులు ఒంటిపూట నడిచాయి.

ఇక్కడా డబ్బు బాధలు లేకపోలేదు. రెండు రాష్ట్రాల్లోనూ 2023 జులై నుంచే కొత్త పీఆర్సీ వర్తించాల్సింది. డీఏలు ఎప్పుడూ వెనకబడే వస్తాయి. 2004 సెప్టెంబర్ 1 నుంచి చేరినవాళ్లకు పాత పెన్షన్ లేదు. టెట్ (టీచరు అర్హత పరీక్ష) లేకుండా, ఐదేళ్లకు మించి సర్వీసు మిగిలి ఉన్నవాళ్లు రెండేళ్లలో ఆ పరీక్ష పాసవ్వాలని 2025 సెప్టెంబర్ 1న సుప్రీంకోర్టు చెప్పినప్పటి నుంచి సీనియర్లలో ఒకటే టెన్షన్. మా స్కూల్ కాంప్లెక్స్‌లో (చుట్టుపక్కల బడుల సమూహంలో) యాభై ఏళ్లు దాటిన ఒక మాస్టారు మధ్యాహ్నం విరామంలో సైకాలజీ పుస్తకం పట్టుకుని కూర్చుంటారు. ఆయన్ని చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది.

ఇవన్నీ కలిపి చూసినా, ఈ పనికి ఈ జీతం న్యాయమే అంటాను. అదే పీఆర్సీలో జూనియర్ అసిస్టెంటు స్కేలు 25,220 దగ్గర మొదలవుతుంటే ఎస్‌జీటీకి 32,670 ఉంది. అంటే మా పనికి విలువ ఉందని ప్రభుత్వం ఒప్పుకున్నట్టే. సర్కారు టీచర్లకు ఎక్కువ ఇస్తున్నారనేవాళ్లకు నాది ఒకటే విన్నపం. ప్రైవేటు టీచరు పక్కన నిలబెట్టి చూస్తే మా జీతం ఎక్కువగానే కనిపిస్తుంది. కిందకు లాగేసిన ఆ జీతాన్ని కొలబద్దగా పెట్టకండి. జ్వరమొస్తే సెలవు పెట్టుకోగలగడం, కాన్పుకు 180 రోజులు జీతంతో ఇంట్లో ఉండగలగడం, మేలో అప్పు చేయకపోవడం ఎక్కువేమీ కాదు. నా స్నేహితురాలు కాన్పయిన నలభయ్యో రోజున, ఉద్యోగం పోతుందని పచ్చి ఒంటితో బడికొచ్చింది. ఆ రోజు పాలు నిండి బాత్రూంలో నిలబడి ఏడ్చింది. అది నేను మర్చిపోలేను.

అలాగని ఉద్యోగం మానేసి డీఎస్సీకి కూర్చోండని మాత్రం చెప్పను. ఆంధ్రలో 2018 తర్వాత మళ్లీ డీఎస్సీ జరిగింది 2025లో. తెలంగాణలో 2017 తర్వాత 2024లో. ఏడేళ్లు. ఆ ఏడేళ్లలో ఎంతమందికి వయసు దాటిపోయిందో, ఎంతమంది పెళ్లిళ్లు వాయిదా పడ్డాయో మా కోచింగ్ హాస్టల్లో చూశాను. 2025 మెగా డీఎస్సీలో 16,347 పోస్టులకు పరీక్ష రాసింది మూడు లక్షల మందికి పైగా. నేను ప్రైవేటులో పనిచేస్తూనే రాత్రి పది నుంచి పన్నెండున్నర దాకా చదివాను. నోటిఫికేషన్ వచ్చాకే సెలవు పెట్టి అవనిగడ్డ వెళ్లాను. టెట్ మార్కులకు వెయిటేజీ ఉంది కాబట్టి డీఎస్సీ ఎప్పుడొచ్చినా రాకపోయినా ముందు టెట్ స్కోరు పెంచుకోండి. నాకు కలిసొచ్చింది అదే.

కార్పొరేట్‌లో నలభై వేలంటే నిజమే, ఇస్తారు. కానీ ఐఐటీ ఫౌండేషన్‌లో లెక్కలు, ఫిజిక్స్ చెప్పేవాళ్లకు. తెలుగు, సోషల్ వాళ్లకు ఆ మాట వర్తించదు. అక్కడ కూడా మే నెల గురించి, ఒరిజినల్ సర్టిఫికెట్లు పెట్టుకుంటారా అన్నదాని గురించి అడిగి చేరండి. పెళ్లికాని, బాగా చదువుకున్న కుర్రవాడైతే మూడు నాలుగేళ్లు చేసి నాలుగు డబ్బులు వెనకేసుకోవచ్చు. గురుకులాల్లో రెగ్యులర్ పోస్టైతే జీతం బాగుంటుంది, రాత్రి డ్యూటీలుంటాయి. కేజీబీవీలో (కస్తూర్బా బాలికల బడిలో) కాంట్రాక్టు కాబట్టి పని అంతే, జీతం తక్కువ. కేంద్రీయ విద్యాలయంలో ప్రైమరీ టీచరు బేసిక్ 35,400, బదిలీకి సిద్ధమైతే దరఖాస్తు పెట్టండి.

ఇది రాస్తుండగా పాత స్కూలు నుంచి మా లెక్కల టీచరు ఫోన్ చేసింది. నేను మానేశాక ఆరుగురు కలిసి కరస్పాండెంటు గదికి వెళ్లి మే నెల జీతం అడిగారట. ఒక్కొక్కరుగా అడిగితే పంపించేస్తారని అందరూ ఒకేసారి వెళ్లారట. ఆయన రెండు రోజులు ఆలోచించి, అడ్మిషన్లతో పని లేకుండా అందరికీ సగం జీతం బ్యాంకులో వేస్తానన్నారట, వేశారట కూడా. "మిగతా సగం వచ్చే మార్చిలో అడుగుతాం, ఈసారి పదిమందిమి వెళ్తాం" అంది.