పరీక్షలన్నీ బాగున్నా ఒళ్లు బాగోలేనప్పుడు: ఆటో సీప్యాప్ దీర్ఘకాలం వాడాక సమీక్ష

థైరాయిడ్ బాగుంది, రక్తం తక్కువ లేదు, షుగర్ లేదు, ఈసీజీ సరిగ్గానే ఉంది. అయినా పొద్దున లేచేసరికి తల దిమ్ము, నోరు పిడచకట్టుకుపోయి ఉంటుంది. రాత్రి రెండు మూడుసార్లు మూత్రానికి లేవాలి. ఒక్కోసారి గుండె దడతో ఉలిక్కిపడి మెలకువ వస్తుంది. పగలంతా చిరాకు, చదివింది అప్పుడే మరిచిపోవడం. ఈ లక్షణాలను ఒక్కొక్కటిగా పట్టుకుంటే ఒక్కో డాక్టరు దగ్గర తేలతాం. అన్నీ కలిపి చూస్తే ముందు అడగాల్సింది నిద్రలో ఊపిరి సరిగ్గా ఆడుతోందా అని.

పరీక్షలో అబ్‌స్ట్రక్టివ్ స్లీప్ ఆప్నియా (నిద్రలో గొంతు మూసుకుపోయి ఊపిరి ఆగుతుండటం) అని తేలి, డాక్టరు ఆటో సీప్యాప్ (మాస్కు ద్వారా ఒత్తిడితో గాలి పంపే మిషన్) రాసిచ్చినవాళ్ల కోసం ఈ సమీక్ష. ఏ కంపెనీది కొనాలన్న చర్చ ఇందులో లేదు. చాలాకాలం వాడాక నాకు కుదిరిన అభిప్రాయం ఇది: మిషన్ తన పని తాను చేస్తుంది, దాన్ని ఓడించేవి మాస్కూ సెట్టింగులూ. వాటి మీద పెట్టాల్సిన శ్రద్ధ పెట్టకుండా "నాకు పడలేదు" అని అటకెక్కించేయడం చూస్తే బాధ కలుగుతుంది.

ముందు, లక్షణాలు ఎందుకొస్తాయో తెలిస్తే ఏది తగ్గుతుందో అంచనా వేసుకోవచ్చు. నిద్రలో గొంతు కండరాలు వదులై గాలిదారి మూసుకుపోతుంది. 10 సెకన్లు గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఊపిరి ఆగితే దాన్ని ఒక ఆప్నియాగా లెక్కిస్తారు. రక్తంలో ఆక్సిజన్ తగ్గి కార్బన్ డయాక్సైడ్ పెరిగితే మెదడులోని రక్తనాళాలు వెడల్పవుతాయి. పొద్దుటి తలభారానికి చెప్పే ప్రధాన కారణాల్లో ఇదొకటి. మూసుకున్న గొంతుకు ఎదురుగా ఊపిరి లాగుతుంటే ఛాతీలో వెలితి ఏర్పడి గుండె పైగది సాగుతుంది. ఒంట్లో నీరు ఎక్కువైందనుకుని గుండె ఒక హార్మోన్ వదులుతుంది, దాంతో కిడ్నీలు ఉప్పునూ నీటినీ బయటికి పంపేస్తాయి. సాయంత్రం నుంచి నీళ్లు తాగడం మానేసినా రాత్రి లేవడం తగ్గకపోవడానికి ఇదీ ఒక కారణం. ఊపిరి ఆగిన ప్రతిసారీ మెదడు కొన్ని సెకన్లు మేలుకుంటుంది గానీ అది మనకు గుర్తుండదు. అందుకే "8 గంటలు నిద్రపోయాను, అయినా తీరలేదు" అంటుంటాం.

ఇలా ఊపిరి ఆగడం గానీ బాగా తగ్గడం గానీ గంటకు ఎన్నిసార్లు అన్నదే ఏహెచ్ఐ. పెద్దవాళ్లలో 5 లోపు మామూలు, 5 నుంచి 15 స్వల్పం, 15 నుంచి 30 మధ్యస్థం, 30 పైన తీవ్రం. ఇంట్లో చేసే పరీక్షకు ఒక పరిమితి ఉంది. అందులో చాలా రకాలు మెదడు తరంగాలను చూడవు కాబట్టి, మేలుకొని దొర్లిన సమయాన్నీ నిద్రలోనే కలిపేస్తాయి. దాంతో అంకె తక్కువగా వస్తుంది. లక్షణాలు గట్టిగా ఉండి ఇంటి పరీక్ష "ఏమీ లేదు" అంటే, ల్యాబులో రాత్రంతా చేసే పాలిసోమ్నోగ్రఫీ అడగాలి. ముఖ్యంగా ఆడవాళ్లలో పెద్ద గురక లేకుండా అలసట, తలనొప్పి, నిద్ర పట్టకపోవడం, దిగులు రూపంలో ఇది బయటపడుతుంది. అందుకే వాళ్ల విషయంలో దీన్ని గుర్తించడం ఆలస్యమవుతుంది.

ఇక మిషన్ సంగతి. 1981లో ఆస్ట్రేలియాలో కొలిన్ సల్లివన్ బృందం చూపించిన సూత్రమే ఇప్పటికీ: ముక్కు ద్వారా కొంచెం ఒత్తిడితో గాలి పంపి గొంతును తెరిచి ఉంచడం. ఆటో మిషన్ ఆ ఒత్తిడిని తనే పెంచుతుంది, తగ్గిస్తుంది. ఈ ఒత్తిడిని నీటి సెంటీమీటర్లలో కొలుస్తారు. సాధారణంగా ఫ్యాక్టరీలో 4 నుంచి 20 సెంటీమీటర్ల దాకా తెరిచి పంపిస్తారు, చిక్కు ఇక్కడే మొదలవుతుంది. 4 దగ్గర చాలామంది పెద్దవాళ్లకు ఊపిరి చాలనట్టు అనిపిస్తుంది, మాస్కు పీకేయాలనిపిస్తుంది. పైగా ఆటో అంటే ముందుగానే పసిగట్టేది కాదు. గొంతు మూసుకోవడం మొదలయ్యాక కదిలి, మెల్లగా పైకెక్కుతుంది, ఈలోగా కొన్ని ఆప్నియాలు జరిగిపోవచ్చు. మిషన్ రిపోర్టులో 95 శాతం ప్రెషర్ అనే అంకె ఉంటుంది. రాత్రిలో 95 శాతం సేపు ఒత్తిడి ఆ అంకె దగ్గరో, దాని కిందో ఉందని అర్థం. అది 10 అయితే కనీస ప్రెషర్‌ను 4 దగ్గరే వదిలేయకుండా 7, 8 దగ్గరికి తేవచ్చేమో డాక్టరును అడగండి. నా అనుభవంలో అన్నింటికన్నా ఎక్కువ తేడా చూపిన మార్పు ఇదే.

ర్యాంప్ అంటే తక్కువ ఒత్తిడితో మొదలై నెమ్మదిగా పెరగడం. దాన్ని 45 నిమిషాలు పెట్టుకుని 10 నిమిషాల్లో నిద్రపోతే, మిగతా 35 నిమిషాలు చికిత్స సగమే అందుతుంది. ఆటో ర్యాంప్ (నిద్రపోయారని పసిగట్టాకే ఒత్తిడి పెంచేది) ఉంటే అదే పెట్టుకోండి. ఊపిరి వదిలేటప్పుడు ఒత్తిడిని 1 నుంచి 3 సెంటీమీటర్లు తగ్గించే సదుపాయం హాయిగానే ఉంటుంది. కానీ అది 3లో పెట్టాక ఏహెచ్ఐ పెరిగితే ఆశ్చర్యపోనక్కర్లేదు, గొంతును పట్టి ఉంచే ఒత్తిడి ఆ మేరకు తగ్గినట్టే.

మాస్కును కూర్చుని బిగించకూడదు. పడుకుని, మిషన్ ఆన్ చేసి, మీరు నిద్రపోయే భంగిమలో సరిచేసుకోవాలి. పడుకుంటే ముఖం ఆకారమే మారుతుంది. చాలా మాస్కుల సిలికాన్ కుషన్‌కు లోపల పలచని పొర ఒకటి ఉంటుంది, అది గాలితో ఉబ్బి చర్మానికి అతుక్కోవాలి. లీకవుతోందని పట్టీలు లాగి బిగిస్తే ఆ పొర నలిగి ఇంకా లీకవుతుంది, ముక్కు దూలం మీద పుండు పడుతుంది. ముందు వదులు చేసి, మాస్కును కొంచెం ముందుకు లాగి వదిలి, ఆ తర్వాత కొద్దికొద్దిగా బిగించండి. పడుకునే ముందు ముఖం కడుక్కోవాలి. క్రీము, నూనె ఉంటే కుషన్ జారుతుంది.

ముక్కు రంధ్రాల దగ్గర ఆనే పిల్లో రకం అన్నిటికన్నా తేలిక, కళ్లకు అడ్డం రాదు. ఒత్తిడి ఎక్కువైతే ముక్కులో పుండు పడొచ్చు. నోరు, ముక్కు రెండూ కప్పే రకం తప్పనిసరైతేనే తీసుకోవాలి. దానికి ఎక్కువ ఒత్తిడి అవసరమవుతుంది, లీకూ ఎక్కువే. నోటితో ఊపిరి తీసే అలవాటు కొన్నిసార్లు ముక్కు మూసుకుపోవడం వల్లే వస్తుంది. సెలైన్‌తో ముక్కు కడగడం, ఎలర్జీకి చికిత్స, తేమ పెంచడం ముందు చూడాలి. నోటికి టేపు వేసే పద్ధతి నేను సిఫారసు చేయను. ముక్కు పూర్తిగా దిబ్బడేసినా, వాంతి వచ్చినా ప్రమాదం.

లీకు అంకెను తప్పక చూడాలి. రెస్‌మెడ్ కంపెనీ మిషన్లలో నిమిషానికి 24 లీటర్లు దాటితే ఎక్కువ లీకు కింద లెక్క. లీకు పెద్దదైతే మిషన్ ఆప్నియాలను సరిగ్గా పసిగట్టలేదు, ఏహెచ్ఐ బాగున్నట్టు కనిపించినా నమ్మడానికి లేదు. మీ మిషన్‌కు ఎస్‌డీ కార్డు ఉంటే ఆస్కార్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో రాత్రంతా నిమిషం నిమిషం చూడొచ్చు. యాప్ ఇచ్చే మార్కుల కన్నా ఇది ఎన్నో రెట్లు పనికొస్తుంది.

గాలికి తేమ కలిపే నీళ్ల పెట్టెలో డిస్టిల్డ్ నీళ్లే పోయాలి. మరగబెట్టిన నీళ్లలో సూక్ష్మజీవులు చస్తాయి గానీ ఖనిజాలు పోవు, అడుగున తెల్లటి పొర కడుతుంది. ట్యూబులో గుడగుడమని చప్పుడై ముక్కు మీద నీటి చుక్కలు పడుతుంటే గది చల్లదనానికి ఆవిరి నీరవుతోందన్నమాట. తేమ ఒక అంకె తగ్గించండి, లేదా వేడి ట్యూబు వాడండి, లేదా ట్యూబును దుప్పటి కిందుగా పోనివ్వండి. మిషన్ తల ఎత్తుకన్నా కింద ఉండాలి. పొద్దున కడుపు ఉబ్బి త్రేన్పులు వస్తుంటే గాలి మింగుతున్నారని. గరిష్ఠ ప్రెషర్ తగ్గించడం, పక్కకు తిరిగి పడుకోవడం దీనికి ఉపయోగపడతాయి.

తెల్లవారుజామున 3 గంటలకు మాస్కు తీసేసి పడుకునేవాళ్లకు ఒక మాట. కలలొచ్చే ఆర్ఈఎం నిద్ర ఎక్కువగా రాత్రి చివరి భాగంలోనే ఉంటుంది. గొంతు కండరాలు బాగా వదులయ్యేదీ, ఆప్నియాలు ఎక్కువసేపు సాగేదీ చాలామందికి అప్పుడే. 4 గంటలు వాడితే చాలన్నది బీమా లెక్కల కోసం పెట్టుకున్న గీత, ఆరోగ్యానికి గీసిన గీత కాదు. మధ్యాహ్నం కునుకుకూ మాస్కు పెట్టుకోవాలి.

ఫలితాలన్నీ ఒకేసారి రావు. రాత్రి మూత్రానికి లేవడం, పొద్దుటి తలనొప్పి, కూర్చుంటే కునుకుపట్టడం సాధారణంగా ముందు తగ్గుతాయి, కొందరికి కొద్దిరోజుల్లోనే. చిరాకు, దిగులు, ఏకాగ్రత తేరుకోవడానికి వారాలు, నెలలు పడుతుంది. పగటి మగత తగ్గేదాకా బండి నడపకపోవడం మంచిది. బీపీ సగటున తగ్గేది కొద్దిగానే, మాత్రలు సొంతంగా ఆపకండి. బరువు దానంతట అది తగ్గదు. 2016లో వచ్చిన సేవ్ అనే అధ్యయనంలో గుండెపోటు, పక్షవాతం లాంటివి సీప్యాప్ వల్ల తగ్గినట్టు తేలలేదు. అందులో సగటు వాడకం రాత్రికి దాదాపు 3.3 గంటలే. మగత, మానసిక స్థితి మాత్రం మెరుగయ్యాయి. గుండెకు రక్షణ అనే మాటతో అమ్మేవాళ్లను నమ్మి కొనొద్దు. పగలు మనిషిలా బతకడానికి కొనండి, ఆ పని అది బాగానే చేస్తుంది.

ఏహెచ్ఐ 5 లోపుకు వచ్చినా నీరసం పోకపోతే తప్పంతా మిషన్ మీదికి తోయకండి. రాత్రికి 7 గంటలు నిద్రకు కేటాయిస్తున్నారా చూడండి. రిపోర్టులో సెంట్రల్ ఆప్నియాలు మిగులుతున్నాయా చూడండి. అవి మూసుకోవడం వల్ల కాక మెదడు ఊపిరి పీల్చమని చెప్పకపోవడం వల్ల వచ్చేవి, ఒత్తిడి పెంచితే పెరగొచ్చు. కొత్తగా మొదలుపెట్టినవాళ్లలో వారాల్లో వాటంతటవే సర్దుకోవడం మామూలే. గుండె బలహీనత ఉన్నవాళ్లు, ఓపియాయిడ్ మందులు (మార్ఫిన్ లాంటి బలమైన నొప్పి మందులు) వాడేవాళ్లు మాత్రం వెంటనే డాక్టరుకు చూపించాలి. పడుకోగానే కాళ్లు కదిలించకుండా ఉండలేకపోతే ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో చూపే ఫెరిటిన్ పరీక్ష చేయించండి. హిమోగ్లోబిన్ బాగున్నా ఫెరిటిన్ 75 లోపుంటే ఐరన్ ఇవ్వాలా అని డాక్టర్లు ఆలోచిస్తారు. మత్తు కలిగించే అలర్జీ, నొప్పి మాత్రల జాబితా కూడా తీసుకెళ్లండి.

కడగడం తేలికే. కుషన్‌ను రోజూ తుడవాలి, నీళ్ల పెట్టెను రోజూ ఖాళీ చేయాలి, ట్యూబును వారానికోసారి గోరువెచ్చని సబ్బునీటితో కడగాలి. ఓజోన్ శుభ్రపరిచే పెట్టెలు అవసరం లేదు, రబ్బరునూ ఊపిరితిత్తులనూ పాడుచేసే ప్రమాదం ఉంది. వాడిన మిషన్ తక్కువకు వస్తుందంటే సీరియల్ నంబరుతో రీకాల్ జాబితాలో చూసుకోండి. లోపలి ఫోమ్ (స్పాంజి లాంటి) పొర పాడవుతోందని 2021 జూన్‌లో ఫిలిప్స్ లక్షలాది మిషన్లను వెనక్కి పిలిచింది. మాస్కు క్లిప్పుల్లో అయస్కాంతాలు ఉంటే, పేస్‌మేకర్ లాంటివి ఉన్నవాళ్లే కాదు, వాళ్ల పక్కన పడుకునేవాళ్లు కూడా ఆ మాస్కు వాడకూడదు.

బాగా సాగుతున్నది ఒక్కసారిగా చెడి తలభారం తిరిగొస్తే ఈ వరుసలో వెతకండి: మెత్తబడిపోయిన కుషన్, బూడిద రంగుకు తిరిగిన ఫిల్టరు, ట్యూబుకు పగులు, దిబ్బడేసిన ముక్కు, కొత్తగా మొదలైన నిద్రమాత్ర లేదా మద్యం, పెరిగిన బరువు. బరువు 10 శాతం పెరిగినా తగ్గినా ప్రెషర్ మళ్లీ సరిచూపించుకోవాలి.