క్రూజ్ బుక్ చేసే ముందు డిన్నర్ సీటింగ్ మీ కళ్ళతో చూసుకోండి, ఏజెంట్ మాట నమ్మొద్దు

యూరప్ క్రూజ్ ప్యాకేజీల గురించి వారం వారం వీడియోలు పెట్టే ఆ హైదరాబాద్ ఏజెంట్ మీలో చాలామందికి తెలిసే ఉంటాడు. "మన తెలుగువాళ్ళ కోసం తెలుగు భోజనంతో క్రూజ్" అని చెప్పేది ఆయనే. పేరు రాయడం లేదు, కేసు వేస్తున్నాం కాబట్టి. మొన్ననే తిరిగొచ్చాం. ఇంకా కోపం తగ్గలేదు, తగ్గకముందే రాయాలనిపించింది.

అమ్మానాన్నల యాభయ్యేళ్ళ పెళ్ళిరోజుకని మా ఆయనా నేనూ వాళ్ళని పశ్చిమ మధ్యధరా క్రూజ్‌కి తీసుకెళ్ళాం. బార్సిలోనాలో ఎక్కి మార్సెయ్, లివోర్నో, చివితావెక్కియా, నేపుల్స్ తిరిగి మళ్ళీ బార్సిలోనాకే. నాన్నకి షుగర్. రాత్రి ఎనిమిది, ఎనిమిదిన్నర మధ్య అన్నం తినాలి, అది దాటితే ఆయనకి చెమటలు పట్టేస్తాయి. ఇద్దరూ శాకాహారులు, గుడ్డు కూడా ముట్టరు. బుక్ చేసేటప్పుడు మొట్టమొదట అడిగింది ఇదే. ఓడలో మెయిన్ డైనింగ్ రూములో రాత్రి భోజనానికి రెండు సీటింగ్‌లు ఉంటాయి, మొదటిది సాయంత్రం ఆరు ప్రాంతంలో, రెండోది ఎనిమిదిన్నర ప్రాంతంలో. రోమ్, ఫ్లోరెన్స్ చూసి తిరిగి వచ్చేసరికి ఏడు దాటుతుందని నాకు ముందే తెలుసు. చివితావెక్కియా రేవు నుంచి రోమ్‌కి 80 కిలోమీటర్లు, లివోర్నో నుంచి ఫ్లోరెన్స్‌కి 90. ట్రాఫిక్ లేకపోయినా బస్సులో గంటన్నర. అందుకే రెండో సీటింగ్ కావాలని వాట్సాప్‌లో రాసి మరీ అడిగాను. "రెండో సీటింగ్ కన్ఫర్మ్ మేడమ్, అంకుల్‌కి షుగర్ అని కూడా నోట్ పెట్టించాం" అని జవాబు వచ్చింది. నాన్న ప్రిస్క్రిప్షన్ ఫొటో కూడా తీసుకున్నారు. ప్యాకేజీ డబ్బుకి అదనంగా "ఇండియన్ డిన్నర్ గ్యారంటీ" అని మనిషికి ఆరు వేలు, నలుగురికి ఇరవై నాలుగు వేలు. ఇచ్చిన పీడీఎఫ్‌లో ప్రతి రోజూ చివర "రాత్రి 8:30 డిన్నర్" అని ముద్రించి ఉంది.

బుకింగ్ నంబరు ఇవ్వండి, క్రూజ్ కంపెనీ యాప్‌లో చూసుకుంటాం అని అడిగితే "చెక్-ఇన్ అంతా మేమే చేస్తాం, మీరు టెన్షన్ పడకండి" అన్నాడు. ఓడెక్కే ముందు రోజు రాత్రి వరకూ ఆ నంబరు మా చేతికి రాలేదు. ఎందుకు దాచాడో ఇప్పుడు అర్థమవుతోంది.

మొదటి రోజులు ఎలాగో గడిచిపోయాయి. బార్సిలోనాలో ఎక్కిన రాత్రి అలసిపోయి పైన బఫేలో ఏదో తిని పడుకున్నాం. మార్సెయ్‌లో నాన్న కాలునొప్పి అంటే ఊళ్ళోకి వెళ్ళలేదు, గదికే సూపు, బ్రెడ్డు తెప్పించుకున్నాం. లివోర్నో రోజు పీసా ఒక్కటే చూసి మధ్యాహ్నానికల్లా ఓడకి వచ్చేశాం, సాయంత్రమే బఫేలో తినేసి పడుకున్నాం. అసలు సంగతి రోమ్ రోజున బయటపడింది.

రోమ్ టూరు కూడా ఆయన అమ్మిందే, ఓడవాళ్ళది కాదు. కొలోసియం, ట్రెవి ఫౌంటెన్, సెయింట్ పీటర్స్ అన్నీ ఒక్క రోజులో. మధ్యాహ్నం పన్నెండున్నరకి తిన్నాం. తిరుగు బస్సు ట్రాఫిక్‌లో ఇరుక్కుని రేవు చేరేసరికి ఏడుంబావు. ఓడ బయల్దేరేది ఎనిమిదికి, అందరూ ఏడున్నరకల్లా ఎక్కేయాలి. ఆ బస్సు ఇంకో అరగంట ఆలస్యమై ఉంటే ఓడ మమ్మల్ని వదిలేసి వెళ్ళిపోయేది. ఓడవాళ్ళు అమ్మిన టూరు ఆలస్యమైతే ఆగుతారు, బయటివాళ్ళ బస్సు కోసం ఆగరు. ఈ మాట కూడా ఆయన మాకు చెప్పలేదు. రేవులో షటిల్ ఎక్కి, సెక్యూరిటీ దాటి, నాన్నని మెల్లగా నడిపించుకుంటూ డైనింగ్ రూమ్ ముందుకు వెళ్ళేసరికి ఎనిమిదికి పది నిమిషాలు. కాసేపు కూర్చుంటే ఎనిమిదిన్నరకి లోపలికి వెళ్ళొచ్చు అనుకున్నాం.

తలుపులు మూసి ఉన్నాయి. అద్దంలోంచి చూస్తే లోపల వెయిటర్లు టేబుళ్ళు తుడిచి కొత్త గుడ్డలు పరుస్తున్నారు. హెడ్ వెయిటర్ బయటికి వచ్చాడు, గోవా ఆయన, హిందీలో మాట్లాడాడు. రూమ్ నంబరు అడిగి ట్యాబ్‌లో చూసి, "మీది ఆరు గంటల సీటింగ్, ఈ మూడు రాత్రులూ మీ టేబుల్ ఖాళీగానే ఉంది" అన్నాడు. నాకు ఒక్క క్షణం ఏమీ అర్థం కాలేదు. ట్యాబ్ నా వైపు తిప్పి చూపించాడు. మొదటి సీటింగ్, 6:00. రెండో సీటింగ్ వెయిటింగ్ లిస్టు. భోజనం విషయంలో ఏ విన్నపమూ లేదు. షుగర్ గురించి ఒక్క ముక్క లేదు. శాకాహారం అని కూడా లేదు. ఇండియన్ భోజనానికి డబ్బు కట్టాం అని నేనంటే ఆయన ముఖం చిన్నబోయింది. "మేడమ్, మా ఓడలో దానికి డబ్బు ఉండదు. ముందు రోజు రాత్రి నాకు చెబితే మర్నాటికి పప్పు, అన్నం, రొట్టె వంటింట్లో చేయిస్తాను" అన్నాడు. ఊరికే దొరికేదానికి మా దగ్గర ఇరవై నాలుగు వేలు తీసుకున్నాడు ఆ మనిషి. తీసుకున్నాక ఆ ఒక్క మాట కూడా ఓడకి చేరవేయలేదు.

ఈలోగా నాన్న గోడకి ఆనుకుని కుర్చీలో కూర్చుండిపోయారు. చేతులు వణుకుతున్నాయి, చొక్కా తడిసిపోయింది. మీటర్ పెట్టి చూస్తే 62. అమ్మ బ్యాగులోంచి పంచదార తీసి నోట్లో వేసింది, హెడ్ వెయిటర్ పరుగున వెళ్ళి జ్యూసు తెచ్చి ఇచ్చాడు. ఆయనకి ఎన్ని దండాలు పెట్టినా తక్కువే.

అప్పుడే ఏజెంట్‌కి ఫోన్ చేశాను. ఇరవై నాలుగు గంటలూ అందుబాటులో ఉంటాం అని ప్రతి వీడియోలోనూ చెప్పే మనిషి. ఇండియాలో రాత్రి పదకొండున్నర. ఎత్తాడు. జరిగింది చెప్పాను, నాన్నకి షుగర్ పడిపోయిందని చెప్పాను. ఆయన అన్నమాట రాస్తున్నాను, ఒక్క అక్షరం మార్చకుండా: "ఏంటి మేడమ్, ఒక్క పూట అన్నం కోసం ఈ టైంలో ఫోనా? పైన బఫే ఉంటది కదా, పెద్దాయనకి రెండు బ్రెడ్డు ముక్కలు పెట్టండి. ఈ వయసులో వాళ్ళని క్రూజ్‌లకి తేవద్దని చెప్తే మీరు వినరు."

ఆయన ఎప్పుడూ అలా చెప్పలేదు. డబ్బు కట్టించుకునేటప్పుడు "అమ్మానాన్నలకి ఇంతకంటే మంచి కానుక ఏముంటుంది మేడమ్" అన్నాడు. ఫోన్ స్పీకర్‌లో ఉంది. పక్కనే ఉన్న నాన్న అంతా విన్నారు. "పోనీలేమ్మా, నా వల్ల మీకు ఇబ్బంది" అన్నారు. భోజనం దొరకలేదని నాకు బాధ లేదు. డబ్బు పోయిందనీ లేదు. డెబ్భై ఆరేళ్ళ మనిషి, జీవితంలో మొదటిసారి దేశం దాటి వచ్చినాయన, తను రావడమే తప్పన్నట్టు తల దించుకున్నారు. ఆ మాట అన్న మనిషిని నేను క్షమించలేను.

పైన బఫేకి వెళ్ళాం. రోమ్ నుంచి ఆలస్యంగా వచ్చినవాళ్ళంతా అక్కడే, క్యూ లిఫ్టుల దాకా ఉంది. పాస్తాలో మాంసం, అన్నంలో రొయ్యలు. పిజ్జా ముక్కలు, ఉడికించిన క్యారెట్లు, అరటిపళ్ళు, అంతే. నాన్న అరటిపండు, బ్రెడ్డు తిన్నారు. అమ్మ తిననంది.

మర్నాడు నేపుల్స్ నుంచి హెడ్ వెయిటరే ఎవరినో అడిగి మాకు 8:30లో ఒక టేబుల్ సర్దాడు. పాంపేయి చూసి వచ్చేసరికి వేడి అన్నం, పప్పు, బెండకాయ కూర సిద్ధంగా ఉన్నాయి. నాన్న కడుపునిండా తిన్నారు. అడిగితే ఇంత తేలిగ్గా అయ్యే పని అది.

ఇంటికొచ్చాక ఆ ఇరవై నాలుగు వేలైనా తిరిగి ఇవ్వమంటే "అది మా సర్వీస్ ఛార్జీ" అన్నాడు. ఇంకా గట్టిగా అడిగితే వచ్చే ట్రిప్పులో డిస్కౌంట్ ఇస్తానన్నాడు. వద్దన్నాను. 1915కి, అంటే నేషనల్ కన్స్యూమర్ హెల్ప్‌లైన్‌కి ఫిర్యాదు చేశాం. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తున్నాం. ఐదు లక్షల లోపు విలువైతే కోర్టు ఫీజు ఉండదు, రెండేళ్ళలోపు వేయొచ్చు. వాట్సాప్ మాటలు, పీడీఎఫ్, రసీదు అన్నీ దాచి ఉంచాం, మీరూ ఏదీ చెరిపేయకండి.

వెళ్ళబోయేవాళ్ళకి: మొత్తం డబ్బు కట్టక ముందే బుకింగ్ నంబరు తీసుకుని క్రూజ్ కంపెనీ యాప్‌లో మీరే తెరిచి చూడండి, అందులో సీటింగ్ టైం కనిపిస్తుంది. వెయిటింగ్ లిస్టు అని ఉంటే అది కన్ఫర్మ్ కాదు. నచ్చిన టైంలో తినే పద్ధతి ఉన్న ఓడ అయితే అదే తీసుకోండి. ఓడెక్కిన మధ్యాహ్నమే డైనింగ్ రూమ్‌కి వెళ్ళి హెడ్ వెయిటర్‌ని కలిసి, ఏ రోజు ఆలస్యంగా వస్తారో చెప్పండి. షుగర్ ఉన్నవాళ్ళు బస్సులోకి జంతికలో, బిస్కెట్లో ప్యాకెట్లు తీసుకెళ్ళండి. పళ్ళు, వండిన పదార్థాలు చాలా రేవుల్లో ఓడ దింపనివ్వరు.

ఆయన దగ్గర ఈ సీజన్‌కి ఇప్పటికే బుక్ చేసినవాళ్ళుంటే ఈరోజే నంబరు అడిగి చూసుకోండి. ఇవ్వనంటే పాస్‌పోర్ట్ వివరాలతో నేరుగా క్రూజ్ కంపెనీకి ఫోన్ చేయండి. మా పేర్లతో ఎవరికైనా సాక్ష్యం కావాలంటే నేను ఇస్తాను.