తలకోనలో తెల్లవారక ముందు

తలకోనకు అందరూ కార్తీకంలో వెళ్తారు, జలపాతం నిండుగా దూకుతుందని. మేము చైత్రంలో వెళ్లాం. 270 అడుగుల ఎత్తు నుంచి నీరు సన్నని ధారగా జారుతోంది. మాకు కావలసింది కూడా అదే. నీటి హోరు తగ్గితేనే పిట్టల గొంతు చెవిన పడుతుంది, పైగా అవి జత కోసం పాడే కాలం కూడా ఇదే.

మొదటి రోజు పొరపాటు చేశాం. తిరుపతిలో ఒక లాడ్జిలో దిగి, నాలుగింటికి రమ్మని కారు మాట్లాడుకున్నాం. అది ఐదున్నరకు వచ్చింది. భాకరాపేట కనుమ దాటి, సుమారు 60 కిలోమీటర్లు వెళ్లి అడవిలో అడుగుపెట్టేసరికి ఎండ ఎక్కింది, పాట అయిపోయింది. గది బాగున్నంత మాత్రాన ఏం లాభం? పిట్టల కోసం వచ్చేవారు తలకోనలోనే బస చేయాలి.

మరునాటి రాత్రి అక్కడి అతిథి గృహంలో ఉన్నాం. సాదా గది, శుభ్రమైన దుప్పట్లు. కరెంటు రెండుసార్లు పోయింది. ముందుగా చెబితేనే వండుతారు. చెప్పాం కనుక వేడి రాగి సంగటి, చెనక్కాయల ఊరుబిండి దొరికాయి.

ఇంకా చీకటి విడవకముందే వాగు పక్క పొదల్లోంచి శ్యామా పిట్ట మొదలుపెట్టింది. నల్లని వీపు, ఇటుకరంగు పొట్ట, నడుం మీద తెల్లని మచ్చ, ఒంటికంటే పొడవైన తోక. అవన్నీ తర్వాత కనిపించాయి. ముందు వినిపించింది గొంతు మాత్రమే: ఒక్కో వరుస పాడి, కాసేపు ఆగి, మళ్లీ కొత్తగా ఎత్తుకుంటుంది. మధ్యలో వేరే పిట్టల కూతలనూ కలుపుతుంది. అరగంట మేమెవరం మాట్లాడలేదు.

మాకు దారి చూపిన యువకుడికి అడవి బాగా తెలుసు. కానీ పిట్ట బయటికి రావాలని ఫోనులో దాని కూతే వినిపించబోయాడు. వద్దని ఆపాం. తన చోటులోకి మరో మగపిట్ట చొరబడిందని అది గూడు, మేత వదిలి కంగారుపడుతుంది. ఇలాంటి సేవ ఎవరు ఇస్తామన్నా తీసుకోకండి.

ఒకప్పటి చిత్తూరు జిల్లాలోనిదే అయిన హార్సిలీ హిల్స్‌లో బస మరింత సుఖం, 1,265 మీటర్ల ఎత్తున చల్లదనం. అక్కడి బండరాళ్ల వాలుల్లో పసుపు గొంతు పిగిలిపిట్ట ఉంటుంది. దక్షిణ భారతంలో తప్ప మరెక్కడా లేని పిట్ట అది. దానికోసమైతే అక్కడికే వెళ్లాలి. పాటకు మాత్రం నా ఓటు తలకోనకే.

హిమాలయాల్లో తిరిగొచ్చిన మిత్రుడు రెన్ అనే బుల్లి పిట్ట గురించి ఎప్పుడూ చెబుతుంటాడు: గుప్పెడు ఒళ్లు, నిక్కిన తోక, కొండంత గొంతు. మన దేశంలో అది హిమాలయాలు దిగి రాదు. తిరుగు ప్రయాణంలో సిద్ధేశ్వరస్వామి గుడి దగ్గర దర్జీ పిట్టను చూపించాను. దానిదీ నిక్కిన తోకే, ఒంటిని మించిన గొంతే. రెండు ఆకులను సాలీడు దారంతో కుట్టి, ఆ సంచిలో గూడు కడుతోంది. బస్సు వచ్చేదాకా అక్కడే నిలబడ్డాం.