గోడ మీద బొమ్మలా ఉండే టీవీనా, ఓఎల్ఈడీనా: ఏది మేలు?

మా హాల్లోకి వచ్చినవాళ్ళు గోడ వైపు చూసి ముందు "ఈ బొమ్మ ఎక్కడ కొన్నారు?" అంటారు. అది టీవీ అని తెలిశాక "ఇదే డబ్బుకి మంచి ఓఎల్ఈడీ వచ్చేది కదా?" అని మొదలుపెడతారు. ఏడాదిన్నరగా ఇదే ప్రశ్న. మా తమ్ముడి ఇంట్లో ఓఎల్ఈడీ, మా ఇంట్లో బొమ్మల టీవీ, అంటే చూడనప్పుడు తెర నల్లగా మారకుండా ఒక బొమ్మ చూపిస్తూ ఉండే టీవీ. రెండింటి ముందూ గంటలకొద్దీ కూర్చున్నాను కాబట్టి అందరికీ ఒకేసారి చెప్పేస్తున్నాను.

సినిమా చూడటానికి ఏది మేలు అన్నదాంట్లో వాదన లేదు. ఓఎల్ఈడీలో ప్రతి పిక్సెలూ, అంటే తెర మీది ప్రతి చిన్న చుక్కా, తన వెలుగు తానే ఇస్తుంది, నలుపు కావాల్సిన చోట పూర్తిగా ఆరిపోతుంది. బొమ్మల టీవీల్లో చాలావాటికి వెలుగు తెర అంచుల నుంచి వస్తుంది. అందుకే లైట్లు ఆర్పి చూస్తే నలుపు బూడిద రంగులోకి తిరుగుతుంది. రాత్రిపూట చీకట్లో సినిమాలు చూడటమే మీ టీవీకి ముఖ్యమైన పనైతే ఇంకేమీ ఆలోచించకుండా ఓఎల్ఈడీ తెచ్చుకోండి.

నేను మాత్రం టీవీ ఆపేసి ఉండే గంటలు లెక్కపెట్టాను. మేము చూసేది రోజుకి రెండు మూడు గంటలు. చూడకుండా ఆ గదిలో తిరిగేది, కూర్చునేది దానికి మూడింతలు. మా హాల్లో రెండు పెద్ద కిటికీలున్నాయి. పాత టీవీ ఆపేసినప్పుడల్లా ఆ నల్లటి అద్దంలో కిటికీ, పరదా, సోఫాలో కూర్చున్న మేమే కనిపించేవాళ్ళం. అది నన్ను ఏళ్ళ తరబడి విసిగించింది.

శాంసంగ్ వాళ్ళ బొమ్మల టీవీ ద ఫ్రేమ్ 2017లోనే వచ్చినా, 2022లో మెరుపు లేని మ్యాట్ తెర పెట్టాకే ఈ తరహా టీవీ నిజంగా బొమ్మలా కనిపించడం మొదలైందని నా అభిప్రాయం. అంతకుముందు అది గాజు వెనక వెలుగుతున్న ఫోటో. మ్యాట్ తెర మీద పడిన కిటికీ వెలుగు చెదిరిపోతుంది, కాగితం మీద పడ్డట్టు.

అయితే తెచ్చి తగిలించగానే బొమ్మ అయిపోదు. గది వెలుగును బట్టి సెన్సర్ కాంతిని తగ్గిస్తుంది, కానీ మా ఇంట్లో అది చాలలేదు. ఒక సాయంత్రం దీపం వేసి, తెల్ల కాగితం ఒకటి తెర పక్కన గోడకి ఆనించి చూశాను. బొమ్మలోని తెలుపు కాగితం కన్నా వెలిగిపోతోంది. తెర వెలుగు రెండు మెట్లు తగ్గించి, రంగును కాస్త పసుపు వైపు జరిపాక రెండూ ఒకలా కనిపించాయి. మీరూ ఇలాగే చేసి చూడండి, ఏ మెనూ లెక్కల కన్నా ఇది బాగా పనిచేస్తుంది. రాత్రి దృశ్యాలున్న బొమ్మలు పెట్టకండి, ఆ బూడిద నలుపు అక్కడే బయటపడుతుంది. నీటిరంగులు, పెన్సిల్ గీతలు, వెలిసిపోయిన పాత మ్యాపులు బాగా కుదురుతాయి. మా దీపం ఎడమ వైపు ఉంది. బొమ్మలో వెలుగు కుడి నుంచి పడుతుంటే ఎందుకో కంటికి ఒప్పదు.

బొమ్మల కోసం నెలనెలా చందా కట్టనక్కర్లేదు. మన ఫోటోలు మనమే ఎక్కించుకోవచ్చు. 3840×2160 కొలతకి కత్తిరించుకుంటే తెరకి సరిగ్గా సరిపోతాయి. నేను మా నాన్న గీసిన పెన్సిల్ బొమ్మలు స్కాన్ చేసి పెట్టాను. ఆయన తెర దగ్గరికెళ్ళి, ఎప్పుడో చెరిపిన ఒక గీత తాలూకు మరక కోసం వెతికారు. దొరికింది.

ఓఎల్ఈడీలోనే బొమ్మ పెట్టుకోవచ్చు కదా అని తమ్ముడు అంటాడు. ఎల్‌జీ వాళ్ళ గ్యాలరీ రకాలు గోడకి అతుక్కున్నట్టే కూర్చుంటాయి, నిజమే. కానీ కదలని బొమ్మను రోజూ గంటల తరబడి ఉంచితే ఓఎల్ఈడీ తెర మీద దాని ముద్ర మిగిలిపోయే ప్రమాదం ఉంది. నేనైతే ఆ పని చేయను.

హైసెన్స్ కాన్వాస్ టీవీ, టీసీఎల్ నెక్స్ట్‌ఫ్రేమ్ కూడా ఇదే దారిలో వచ్చినవే, కొనేముందు షాపులో పక్కపక్కన పెట్టి చూడండి.

బొమ్మల టీవీయే అనుకుంటే, గోడకి రంధ్రం వేయకముందే తీగల సంగతి తేల్చుకోండి. ద ఫ్రేమ్‌లో అన్ని వైర్లూ విడిగా ఉండే పెట్టెలోకి వెళ్తాయి, అక్కడి నుంచి టీవీకి ఒక్క సన్నటి తీగే వస్తుంది. ఆ పెట్టెకి గాలి ఆడే అరో, బల్లో కావాలి. 2025లో వచ్చిన ఫ్రేమ్ ప్రోలో పెట్టె వైర్‌లెస్‌గా పనిచేస్తుంది గానీ, టీవీకి కరెంటు వైరు ఎటూ తప్పదు. ప్లగ్గు పాయింటు టీవీ వెనకే లేకపోతే, ఎంత మంచి బొమ్మ పెట్టినా దాని కింద నుంచి ఒక నల్ల తీగ వేలాడుతూనే ఉంటుంది. ఎలక్ట్రీషియన్‌ను ముందే పిలవండి.