మేడ మీద కాగితం పూలు: ఏళ్ల తరబడి పెంచాక నా మాట

బోగన్‌విల్లా కొనమంటారా అని ఎవరైనా అడిగితే నేను ముందు అడిగేది ఒక్కటే. మీ ఇంట్లో నేరుగా ఎండ ఎంతసేపు పడుతుంది? కనీసం అయిదారు గంటలు పడే చోటు ఉంటే నిశ్చింతగా కొనుక్కోండి. లేదంటే ఎంత మంచి రకం తెచ్చినా, ఎన్ని ఎరువులు పోసినా డబ్బు దండగ. నీడలో ఈ మొక్క చచ్చిపోదు, అదే అసలు చిక్కు. పచ్చగా ఉంటుంది, తీగలు బారలు బారలుగా సాగుతాయి, ఆకులు నిగనిగలాడతాయి. పువ్వు మాత్రం కనపడదు. రేపో మాపో పూస్తుందని ఎదురుచూస్తూ ఏడాది గడిపేస్తారు.

మాది విజయవాడ. మా కుండీలు మేడ మీద, పడమటి పిట్టగోడ వారన ఉంటాయి. రోహిణి కార్తెలో ఆ స్లాబు మీద చెప్పుల్లేకుండా కాలు పెట్టలేం. గులాబీలకు గ్రీన్‌నెట్ కట్టి, రెండు పూటలా నీళ్లు పోసినా మే నెల గట్టెక్కేవి కావు. ఇవి మాత్రం అదే ఎండలో గుత్తులు గుత్తులుగా పూశాయి. హైవే డివైడర్ల మధ్య ఊరు దాటాక కూడా ఇవే ఎందుకు నాటుతారో మేడ మీద పెంచాక నాకు బాగా అర్థమైంది. పొగ, ధూళి, వేడి, ట్యాంకరు వచ్చినప్పుడే నీళ్లు, వీటన్నిటికీ తట్టుకునే పూల మొక్క ఇంకొకటి చెప్పమంటే నేను చెప్పలేను.

మనం పువ్వు అనుకునే ఆ రంగు రేకులు నిజానికి ఆకులే. ఒకసారి ఒక గుత్తిని దగ్గరగా పెట్టుకుని చూడండి. మూడు రంగు ఆకులు ఒకచోట కలిసి ఉంటాయి, ఒక్కోదాని నడి ఈనెకు అంటుకుని అగ్గిపుల్లంత సన్నని గొట్టం ఒకటి ఉంటుంది. దాని కొసన చిన్న తెల్లటి నక్షత్రంలా విచ్చుకునేదే అసలు పువ్వు. అది వాడిపోయాక కూడా చుట్టూ ఉన్న రంగు ఆకులు వారాల తరబడి అలాగే ఉంటాయి. కోసిన కాసేపటికే నీరసించే పూలకు అలవాటు పడ్డ కళ్లకు ఇది పెద్ద బహుమతి.

ఇక నీళ్ల సంగతి. ఈ మొక్క విషయంలో నేను గట్టిగా చెప్పగలిగేది ఇదే: నీళ్లు తక్కువ పోయడం చేతనైతే మిగతావన్నీ వాటంతటవే సర్దుకుంటాయి. రోజూ తడిపే కుండీలో కొమ్మలు పెరుగుతాయి, మొగ్గ రాదు. మా ఇంట్లో పద్ధతి ఏమిటంటే, చలికాలంలో పైమట్టి బాగా ఆరి, లేత చిగుళ్లు కొంచెం తలలు వాల్చేదాకా ఆగుతాం. వాల్చాక కుండీ అడుగు రంధ్రంలోంచి కారేదాకా నిండుగా పోస్తాం. మళ్లీ వాల్చేదాకా ఆ వైపు వెళ్లం. ఇలా రెండు మూడు వారాలు గడిచేసరికి కొమ్మల కొసల్లో, ఆకు మొదళ్లలో చిన్న చిన్న ఎర్రటి మొనలు కనిపిస్తాయి. అవి కనపడగానే ఎండగట్టడం ఆపేయాలి. మొగ్గ మీద ఉన్నప్పుడు కూడా దాహానికి వదిలేస్తే రంగు తిరగకుండానే రాలిపోతుంది.

వేసవిలో లెక్క వేరు. నడి మధ్యాహ్నం అన్ని కుండీలూ ఆకులు వేలాడేస్తాయి. మా అత్తయ్యగారు పైకి వచ్చినప్పుడల్లా "పాపం, మాడిపోతోందే అమ్మా, చెంబెడు పొయ్యి" అనేవారు. నేను ఆవిడకు తెల్లవారి చూపించేదాన్ని: రాత్రికి చల్లబడి అదే మొక్క నిటారుగా నిలబడి ఉండేది. పొద్దున్నే కూడా వేలాడుతూ ఉంటేనే నిజమైన దాహం. మే నెలలో చిన్న కుండీలకు ఎలాగూ రోజూ పొద్దున పోయక తప్పదు. వేళ్లు కుండీ నిండా ఉంటాయి కాబట్టి మట్టిలో తడి నిలిచేదే కొంచెం. మధ్యాహ్నం కాలిపోతున్న కుండీలో చల్లటి నీళ్లు మాత్రం పోయకండి.

మట్టికి నేను వాడేది రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు గరుకు ఇసుక, ఒక పాలు బాగా మగ్గిన పశువుల ఎరువు. కోకోపీట్, అంటే కొబ్బరి పీచు పొడి, ఎక్కువైతే తడి వదలదు, వానాకాలంలో వేరు కుళ్లుతుంది. కుండీ మరీ పెద్దది అక్కర్లేదు. ఈ మొక్కకు వేళ్లు కాస్త ఇరుకుగా ఉంటేనే పూత బాగుంటుంది. పన్నెండు నుంచి పద్నాలుగు అంగుళాల మట్టి కుండీ చాలా ఏళ్లకు సరిపోతుంది. ప్లాస్టిక్ కుండీ మోయడానికి తేలికే కానీ, మేడ మీద ఈదురుగాలికి పూతతో ఉన్న మొక్క పడిపోతుంది. అందుకే మేము పెద్దవాటన్నిటినీ పిట్టగోడకు తాడుతో కట్టాం.

కుండీ మార్చే పని ఒక్కటే నేను ఎవరికీ అప్పగించను. పైకి ఇంత మొరటుగా, ముళ్లతో కనిపించే మొక్కకు వేళ్లు మాత్రం దారపు పోగుల్లా ఉంటాయి, పట్టి లాగితే తెగిపోతాయి. నర్సరీ కవరును కత్తితో నిలువుగా చీల్చి, మట్టి ముద్ద కదలకుండా రెండు చేతులతో ఎత్తి కొత్త కుండీలో కూర్చోబెట్టాలి. ముద్దను గట్టిగా దులిపితే, పూతతో వచ్చిన మొక్క కూడా వారంలో ఆకులన్నీ రాల్చేస్తుంది. కొత్త చోటుకు మార్చినప్పుడూ కొన్ని ఆకులు రాలుస్తుంది. దానికి టెన్షన్ పడి నీళ్లు, ఎరువులు కుమ్మరించనక్కర్లేదు, కొత్త చిగుర్లు వస్తాయి.

ఎరువుల్లో యూరియా జోలికి పోవద్దు. అది ఆకు బలం ఇస్తుంది, మనకు కావలసింది అది కాదు. కొమ్మలు కత్తిరించాక గుప్పెడు వర్మీకంపోస్టు, కొంచెం ఎముకల పొడి వేసి, మొగ్గ దశ దగ్గరపడేటప్పుడు 0-0-50 పొటాష్‌ను (నత్రజని, భాస్వరం లేకుండా పొటాష్ మాత్రమే ఉండే ఎరువు) లీటరు నీటికి 2 గ్రాముల చొప్పున కలిపి ఆకుల మీద పిచికారీ చేస్తాను. నెలకోసారి చాలు. కొత్త ఆకులు పసుపుగా మారి ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే అది ఐరన్ లోపం. బోరు నీళ్లు వాడే ఇళ్లలో, కుండీ అంచున తెల్లగా ఉప్పు పేరుకునే చోట ఇది ఎక్కువ. చీలేటెడ్ ఐరన్ (మొక్క తేలిగ్గా పీల్చుకునే రూపంలో ఉన్న ఐరన్) పిచికారీ చేస్తే కొత్త చిగురుకు రంగు తిరుగుతుంది.

కత్తిరింపు లేకపోతే పూత లేదు, ఎందుకంటే పువ్వు వచ్చేది కొత్త కొమ్మ మీదే. ఒక విడత పూత అయిపోగానే కొసలు తుంచేస్తాను. తొలకరికి ముందు మాత్రం కొంచెం కఠినంగా, కొమ్మ పొడవులో సగం దాకా కోసేస్తాను. మొదలు దగ్గర నుంచి కర్రలా తిన్నగా, పెద్ద పెద్ద ముళ్లతో లేచే కొమ్మలు ఉంటాయి. అవి బలమంతా లాగేస్తాయి, పూయవు. వాటిని మొదట్లోనే తీసేయాలి. అప్పుడు కోసిన పెన్సిలంత లావు కొమ్మలను జానెడు ముక్కలు చేసి ఇసుక కలిపిన మట్టిలో గుచ్చి నీడలో పెడితే వానాకాలంలో చాలావరకు వేళ్లు పోసుకుంటాయి. మా వీధిలో చాలా ఇళ్ల గేట్ల దగ్గర ఇప్పుడున్నవి మా కొమ్మల పిల్లలే.

రకాల గురించి మాట్లాడాలంటే నాకు సంతోషం. నర్సరీల్లో అందరూ రంగు పేరుతోనే అమ్ముతారు: పింకు, తెలుపు, ఆరెంజి. కానీ ప్రతి రకానికీ ఒక పేరు ఉంది. ప్రపంచం మొత్తానికి బోగన్‌విల్లా రకాల పేర్లు నమోదు చేసే సంస్థ మన ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థే, అందరూ పూసా అనేది. మన దేశంలో పుట్టిన రకాలు కూడా తక్కువేం కాదు. ఒకే చెట్టుకు తెల్లవీ గులాబీవీ పూసే మేరీ పామర్ కలకత్తాలో బయటపడింది. ఒక కొమ్మ తెల్లగా, పక్క కొమ్మ గులాబీ, ఒక్కోసారి ఒకే గుత్తిలో రెండూ. మేడ మీదికి వచ్చిన ప్రతివాళ్లూ దాని ముందే ఆగిపోతారు. దాని నుంచి వచ్చిన తిమ్మ రకానికి ఆకు మధ్యలో పసుపు కూడా ఉంటుంది. పూత లేని రోజుల్లో కూడా అందంగా ఉంటుంది. అందులో పూర్తిగా పచ్చ ఆకులతో కొమ్మ వస్తే వెంటనే తీసేయాలి. దానికి జోరు ఎక్కువ, వదిలేస్తే మొక్కంతా అదే అవుతుంది.

ముద్ద పువ్వుల మహారా చూడగానే మనసు లాగేస్తుంది. నేను ఒప్పుకుంటాను, ఎండాకాలంలో దాని ముందు ఇంకేదీ నిలబడదు. కానీ పనెక్కువ. మిగతా రకాలకు పాత రేకులు వాటంతటవే రాలతాయి, దీనికి రాలవు. గోధుమ రంగులోకి మారి కొమ్మకే అంటుకుని ఉంటాయి, ఒక్కో గుత్తి కత్తెరతో తీయాల్సిందే. వాన పడితే నీళ్లు పీల్చుకుని కొమ్మలు కిందికి వంగిపోతాయి. నా దృష్టిలో కుండీకి అన్నిటికంటే నమ్మకమైనది మామూలు ఊదా రంగు గ్లాబ్రా. ఆకు నున్నగా ఉంటుంది, ముల్లు చిన్నది, ఏడాదిలో ఎక్కువ కాలం ఏదో ఒక కొమ్మ పూసే ఉంటుంది. అక్టోబరు వానల్లో మిగతావన్నీ వెలవెలబోయినా అది కాస్తయినా రంగు చూపిస్తుంది. చాలామంది పాత రకమని తీసిపడేస్తారు, నాకు బాధేస్తుంది.

కొనడం గురించి ఒక ఫిర్యాదు ఉంది. ఆన్‌లైన్‌లో ఒక నర్సరీ నుంచి పసుపు రంగు అని చెప్పి తెప్పించుకున్న మొక్క నెలల తర్వాత పూస్తే మామూలు గులాబీ రంగు. ఫోటోలు పంపమన్నారు, పంపాక జవాబు లేదు. ఆకు చూసి రంగు చెప్పడం మామూలు కొనుగోలుదారుకు కుదరదు. కాబట్టి డబ్బు పెట్టేవాళ్లు పువ్వు చూసి కొనాలి. డిసెంబరు నుంచి మార్చి దాకా కడియం, కడియపులంక వైపు వెళ్తే రోడ్డుకు రెండు పక్కలా నర్సరీల్లో పూతతోనే ఉంటాయి. కావలసింది వేలు పెట్టి చూపించి తెచ్చుకోవచ్చు. ఒకే మొదలుకు నాలుగైదు రంగులు అంటుకట్టినవి కూడా అక్కడ దొరుకుతాయి. చూడముచ్చటగా ఉంటాయి కానీ, బలమైన రంగు మిగతావాటిని మింగేయకుండా ఎప్పటికప్పుడు కత్తిరిస్తూ ఉండాలి. అంటు కింద నుంచి వచ్చే కొమ్మను ఒక్కటి కూడా ఉంచకూడదు.

పురుగుల బెడద తక్కువే. కొమ్మ కణుపుల దగ్గర దూదిలా తెల్లగా కనిపిస్తే అది పిండినల్లి. చీమలు వరసగా పైకి ఎక్కుతుంటే అక్కడేదో ఉందని లెక్క. ముందు గట్టిగా నీళ్లు కొట్టి కడిగేసి, సాయంత్రం పూట లీటరుకు 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొన్ని చుక్కల సబ్బు ద్రావణం కలిపి కొడితే రెండు మూడు విడతల్లో తగ్గుతుంది. ఆకు అంచులు కొరికినట్టు ఉంటే ఆకుపచ్చ పురుగు కోసం రాత్రి టార్చి వేసి వెతకండి.

ఇబ్బందులు చెప్పకుండా ఉండలేను. ముళ్లు నిజంగానే కోస్తాయి, లోతుగా గుచ్చుకుంటే రెండు రోజులు సలుపుతుంది. పాలుగారకపోయినా ఆ పసరు కొందరికి దురద పెడుతుంది. కత్తిరించేటప్పుడు తోలు గ్లవ్స్, పొడుగు చేతుల చొక్కా తప్పనిసరి. కోసిన కొమ్మలను మామూలు చెత్తలో పడేయకండి, చెత్త తీసుకెళ్లే మనిషి చేతులు తెగుతాయి. చిన్న ముక్కలు చేసి, ఎండబెట్టి, గోనెసంచిలో వేసి, ముళ్లున్నాయని చెప్పి ఇవ్వండి. ఇంకొకటి, రాలిన రేకులు. గాలికి పక్కింటి వాకిట్లో పడతాయి. మేడ మీద నీళ్లు పోయే పైపు మూతికి అడ్డం పడి, తుపాను వాన రోజున స్లాబు మీద నీళ్లు నిలిచిపోతాయి. వానకు ముందు అక్కడ ఊడ్చుకోవాలి. వాసన లేదు, పూజకు మనవాళ్లు వాడరు. ముళ్ల మొక్క గుమ్మం ఎదురుగా వద్దని అత్తయ్యగారు అంటే, గేటు దగ్గర అనుకున్నదాన్ని కూడా మేడ మీదికే మార్చాం. దానికి అక్కడే ఎండ బాగా తగిలింది కూడా.

చంటిపిల్లలు పాకే ఇల్లయితే కొన్నాళ్లు ఆగండి. తరచూ ఊళ్లు తిరిగేవాళ్లు, మొక్కల మీద ఇష్టం ఉండి తీరిక లేనివాళ్లు ఇది తప్పకుండా పెంచండి. చలికాలంలో నాలుగైదు రోజులు ఇంట్లో లేకపోయినా కుండీలో పెరిగిన మొక్కకు ఏమీ కాదు. నేలలో నాటాలనుకుంటే కరెంటు తీగలకు, మురుగు పైపులకు దూరంగా నాటండి. రెండంతస్తులు ఎక్కడం దానికి పెద్ద పని కాదు. మొదటిసారి కొనేవాళ్లు అంటుకట్టిన ఖరీదైనవి, మహారా పక్కన పెట్టి, పూతతో ఉన్న గ్లాబ్రా ఒకటి, మేరీ పామర్ ఒకటి తెచ్చుకోండి. తెచ్చిన రోజే కుండీ మార్చకుండా ఆ కవరుతోనే ఒక వారం మీ ఎండలో ఉంచండి.