కౌన్సెలర్లకు మనోరోగ ఔషధాల కోర్సు: ఎక్కడ ఉపయోగపడింది, ఎక్కడ తేలిపోయింది

వ్యసన విముక్తి, మానసిక ఆరోగ్య కౌన్సెలర్ల కోసం ఒక శిక్షణ సంస్థ నడుపుతున్న మందుల పరిచయ కోర్సును ఇటీవల పూర్తి చేశాను. మందు రాయడం మన పని కాదు. కానీ రాసిన వైద్యుడి కంటే ఆ మనిషి ఎదుట ఎక్కువసేపు కూర్చునేది మనమే కాబట్టి, ఏ తరగతి మందు ఏం చేస్తుందో తెలియకపోతే పొరబడక తప్పదు.

భ్రమలు, భ్రాంతుల వంటి లక్షణాలను తగ్గించే యాంటీసైకోటిక్ మందుల పాఠం ఈ కోర్సుకు ప్రాణం. అందులో అకతీసియా, అంటే ఆ మందుల వల్ల ఒక్కచోట కుదురుగా ఉండలేని అవస్థ గురించి వింటున్నప్పుడు నాకు సిగ్గేసింది. కొన్నేళ్ల కిందట ఒక క్లయింటు నిమిషమైనా కుదురుగా కూర్చోలేక, లేచి ఒక కాలి మీది నుంచి మరో కాలి మీదికి బరువు మార్చుకుంటూ నిలబడితే, ఆందోళన అనుకుని శ్వాస వ్యాయామాలు చేయించాను. ఈమధ్య మోతాదు పెంచారా అని అడగాలని తోచనే లేదు. క్లోజపిన్ అనే యాంటీసైకోటిక్ వాడేవారు పొగ మానేస్తే రక్తంలో మందు స్థాయి పెరుగుతుందని, దానికి కారణం నికోటిన్ కాక పొగలోని ఇతర పదార్థాలు కాబట్టి నికోటిన్ ప్యాచ్ వేసుకున్నా ఆ పెరుగుదల ఆగదని చెప్పిన భాగం రెండుసార్లు వినదగ్గది.

బైపోలార్ రుగ్మతకు వాడే లిథియం పాఠమూ బాగుంది. రక్తంలో దాని స్థాయి సాధారణంగా లీటరుకు 0.6 నుంచి 1.2 మిల్లీఈక్వివలెంట్ల మధ్య ఉండాలి; వాంతులు, విరేచనాలు, చివరికి నొప్పికి వేసుకునే ఐబుప్రొఫెన్ సైతం దాన్ని ప్రమాదకరంగా పెంచగలవు. పరీక్షలో మాత్రం ఇదంతా వదిలేసి, లిథియం వాడకం 1949లో మొదలైందా కాదా అని అడిగారు!

అసలు లోపం వ్యసన చికిత్స మందుల దగ్గర ఉంది. ఆ పాఠమే అన్నిటికన్నా పొట్టిది. ఓపియాయిడ్లు (హెరాయిన్, మార్ఫిన్ వంటివి) మానిన 7 నుంచి 10 రోజుల తర్వాతే, వాటి ప్రభావాన్ని అడ్డుకునే నాల్‌ట్రెక్సోన్ మొదలుపెట్టాలన్న సంగతి ఒక్క వాక్యంలో ముగిసింది. మద్యం మాన్పించడానికి ఇచ్చే డైసల్ఫిరామ్ వాడేవారు ఆల్కహాలు కలిసిన దగ్గు మందుకూ దూరంగా ఉండాలన్న హెచ్చరిక అసలు లేదు. అంతకంటే బాధాకరంగా, ఓపియాయిడ్ వ్యసనానికి చికిత్సగా ఇచ్చే మెథడోన్‌ను ‘ఒక మత్తుకు బదులు మరొకటి’ అన్నారు. శరీరం మందుకు అలవాటు పడటమూ, వ్యసనమూ ఒకటి కావు. ఈ మాట నమ్మి ఇంట్లోవాళ్లు మందు మాన్పిస్తే, తట్టుకునే శక్తి తగ్గిన మనిషి మళ్లీ మత్తుపదార్థాన్ని పాత మోతాదులోనే తీసుకుని ప్రాణం పోగొట్టుకోవచ్చు. ఈ విషయం నిర్వాహకులకు రాశాను, సరిచేస్తామన్నారు. నిన్న చూసేసరికి ఆ వాక్యం అక్కడే ఉంది.